రాతి మీది అంకెలు: ఒక పీఠిక

కృష్ణా పశ్చిమ డెల్టాలో పుట్టి పెరిగిన వారికి రాయి అపురూపమైన వస్తువు. తెనాలి నుంచి రేపల్లె దాకా, అక్కడి నుంచి నిజాంపట్నం మీదుగా బాపట్ల దాకా పొలంలో గునపం దించితే తగిలేది నల్లరేగడి, ఒండ్రుమట్టి, సముద్రం దగ్గరపడిన కొద్దీ ఇసుక. ఇంటికి గడపరాయి కావాలన్నా, గుడికి ధ్వజస్తంభ పీఠం కావాలన్నా, చివరకు కన్నుమూసిన మనిషి తలాపున నిలపడానికి ఒక పలక కావాలన్నా ఎగువ సీమల నుంచి తెప్పించుకోవలసిందే. అంత వ్యయప్రయాసలకోర్చి తెచ్చుకున్న శిల మీద మన పూర్వులు అక్షరాన్ని ఆచితూచి చెక్కించారు. పేరు, తండ్రి పేరు, పుట్టిన సంవత్సరం, ప్రభువునందు నిద్రించిన తేదీ, చోటు మిగిలితే ఒక వాక్యం. ఈ ప్రాంతపు గ్రామాలలో పాత చర్చిల వెనుక ఉండే సమాధుల తోటలు ఆ విధంగా మన జిల్లాల సాంఘిక చరిత్రకు అచ్చుకాని గ్రంథాలయాలు. అటువంటి ఒక తోటను ఆధారంగా చేసుకొని, చదువరిని ఇంట్లో కూర్చోనీయక కాలినడకన అక్కడికి రప్పించి, రాతి మీది అంకెను కళ్ళారా చదివితే తప్ప ముందుకు సాగనీయని ఒక అన్వేషణక్రీడను చిరంజీవిని గ్రంథకర్త్రి రచించి, దానికి నాలుగు మాటలు రాయమని నన్ను కోరడం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

గ్రంథస్వరూపం సంగ్రహంగా చెబుతాను. తెనాలి, రేపల్లె, బాపట్లల నడుమ ఒకానొక గ్రామం. దాని పేరు నేను చెప్పరాదు. చెబితే మొదటి చిక్కుముడిని నేనే విప్పినట్టవుతుంది. ఆ ఊళ్ళో ఒక పాత చర్చి, దాని శంకుస్థాపన ఫలకం, గంటస్తంభం, కమాను కిటికీలు, వెనుక ప్రహరీ లోపల సమాధుల తోట. గ్రంథకర్త్రి అడిగే ప్రతి ప్రశ్నకూ సమాధానం ఒక అంకె. గంటస్తంభానికి మెట్లెన్ని, ఫలకం మీది సంవత్సరంలో మూడవ స్థానాన ఉన్నదేమిటి, తోటలో తూర్పు వరుసలో అన్నిటికన్నా పాతదైన పలకపై చివరి అంకె ఏది, ఇట్లా ఒక్కొక్క అంకెనూ సంపాదించి, పుస్తకం చివర ఇచ్చిన ఖాళీ గళ్ళలో నింపుకుంటూ పోతే కడకు ఒక అక్షాంశం, ఒక రేఖాంశం సిద్ధమవుతాయి. వాటిని చేతిలోని ఫోనుకు అప్పగిస్తే అది ప్రహరీ వెలుపల, చర్చి పెద్దల అనుమతితో ఎంచుకున్న ఒక చోటికి దారి చూపుతుంది. అక్కడ ఒక చిన్న స్టీలు డబ్బా, దానిలో ఒక పుస్తకం, ఒక పెన్సిలు. వచ్చినవారు తమ పేరు, తేదీ రాసి, డబ్బాను ఉన్నచోటనే ఉంచి వెళ్ళాలి. పెన్ను పెట్టకపోవడానికి కారణం శ్రావణ భాద్రపదాలలో ఈ గాలికి సిరా కాగితమంతా పాకడమేనని ఆమె ఒకచోట వివరించింది. ఇంతటి చిన్న విషయంలోనూ ఇంత శ్రద్ధ ఉన్నందువల్లనే నేను మిగతా పుటలను మరింత గౌరవంతో చదివాను.

లోకంలో జియోకాషింగ్ అనే పేరుతో ప్రసిద్ధమైన ఈ క్రీడకు వయస్సు తక్కువే గాని వంశం చిన్నది కాదు. అమెరికా ప్రభుత్వం పౌరుల వాడుకలోని ఉపగ్రహ సంకేతాలలో బుద్ధిపూర్వకంగా చొప్పిస్తూ వచ్చిన దోషాన్ని 2000 మే నెల ఆరంభంలో తొలగించింది. అంతవరకూ సుమారు నూరు మీటర్ల దాకా తప్పగలిగిన యంత్రం ఆ రాత్రితో పది ఇరవై మీటర్లలోపు గురి చూపసాగింది. మే 3న ఓరెగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ సమీపాన డేవ్ అల్మర్ అనే ఆయన ఒక బకెట్టులో కొన్ని వస్తువులు, ఒక పుస్తకం, పెన్సిలు ఉంచి, ఆ స్థలపు అక్షాంశ రేఖాంశాలను లోకానికి ప్రకటించాడు; మూడు రోజులలోనే ఒకరు వెళ్ళి దానిని కనుగొన్నారు. నేడు ప్రపంచమంతటా ముప్ఫయి లక్షలకు పైబడిన పేటికలు ఈ రీతిగా నిక్షిప్తమై ఉన్నాయి. అంతకు ముందటి తరాన్ని చూడదలిస్తే, 1854లో ఇంగ్లండులోని డార్ట్‌మూర్ బయళ్ళలో జేమ్స్ పెరట్ అనే మార్గదర్శకుడు క్రాన్‌మియర్ మడుగు దగ్గర ఒక సీసా ఉంచి, అంత దూరం నడిచి వచ్చినవారు తమ పేరుచీటీ అందులో వదిలే ఏర్పాటు చేశాడు. ఆ దేశంలోనే నేడు పల్లె చర్చిలను వరుసగా సందర్శింపజేసే వేలాది పేటికల శ్రేణి ఒకటి వర్ధిల్లుతున్నది. సమాధిఫలకాల మీది సంవత్సరాలను కూడి, తీసివేసి, స్థలనిర్ణయం చేయడం అక్కడ సర్వసాధారణం. మన గ్రంథకర్త్రి స్ఫూర్తి పొందినది ఆ సంప్రదాయం నుంచేనని ఆమె నిస్సంకోచంగా చెప్పుకున్నది.

అయినా ఈ విద్య మనకు పూర్తిగా పరాయిది అనుకోవడానికి నా మనస్సు ఒప్పుకోదు. అంకెను మాటలో దాచి, దానిని వెలికితీసే భారాన్ని చదువరిపై ఉంచడం మన శాసనకవులకు నిత్యవ్యవహారం. శశి అంటే ఒకటి, నేత్రమంటే రెండు, బాణమంటే ఐదు, రసమంటే ఆరు, గిరి అంటే ఏడు, వసువంటే ఎనిమిది, గగనమంటే సున్న. వచ్చిన మాటలను వచ్చిన వరుసలోనే ఒకట్ల స్థానం నుంచి ఎడమకు పేర్చుకుంటూ పోతే శకసంవత్సరం తేలుతుంది. వెలనాటి చోడుల రాజధాని చందవోలు ఈ పుస్తకం నడిచే దారికి కూతవేటు దూరంలోనే ఉన్నది. ఆ కాలపు శాసనాలతో పరిచయమున్న వారెవరికైనా ఈ భూతసంఖ్యల పద్ధతి కొత్త కాదు. గ్రంథకర్త్రి తన ఐదవ చిక్కుప్రశ్నను ఆ పద్ధతిలోనే కూర్చడం, క్రైస్తవ సమాధిఫలకం మీది సంవత్సరాన్ని చేరడానికి ప్రాచీనాంధ్ర శాసనపరిభాషను తాళపుచెవిగా ఇవ్వడం, ఈ గడ్డ మీది రెండు వాఙ్మయాలకు ఆమె సమానంగా వారసురాలన్న సంగతిని చాటుతున్నాయి.

ఊరూరూ తిరిగి, కరణాన్నీ పూజారినీ వృద్ధులనూ అడిగి, గుడిగోడల మీది అక్షరాలకు నకలు తీసే పనికి మన భాషలో ఆద్యులనదగినవారు కావలి సోదరులు. కల్నల్ మెకంజీ కొలువులో బొర్రయ్య కుదిర్చిన బాటలో, 1803లో ఆయన అకాలమరణం చెందిన పిమ్మట లక్ష్మయ్య మొదలైనవారు సాగించిన ఆ సేకరణే నేడు మనం కైఫీయతులుగా చదువుకుంటున్నది. మెకంజీ దొర వృత్తిరీత్యా భూమిని కొలిచే అధికారి, 1815లో భారతదేశానికి మొదటి సర్వేయరు జనరలైనవాడు. భూమిని కొలవడం, భూమి మీది మాటను సేకరించడం ఒకే మనిషిలో, ఒకే ప్రయాణంలో జరిగిన పనులు. 1802లో చెన్నపట్నం దగ్గర లాంబ్టన్ మొదలుపెట్టిన మహాత్రికోణ సర్వేకు దక్షిణాది గోపురాలే అనేకచోట్ల దృష్టిబిందువులైన సంగతిని కూడా ఇక్కడ తలచుకోవాలి. అక్షాంశరేఖాంశాలకూ దేవాలయానికీ ఉన్న సంబంధం ఈనాటి ఫోనుతో పుట్టింది కాదు. ఇక సమాధిఫలకాల విషయానికి వస్తే, జూలియన్ జేమ్స్ కాటన్ మద్రాసు రాజధాని అంతటా ఉన్న చారిత్రక సమాధిలేఖనాలను పట్టికగా కూర్చి 1905లో వెలువరించాడు. ఆ పట్టిక ప్రధానంగా దొరల సమాధులకు సంబంధించినది. పల్లెలలోని తెలుగు క్రైస్తవుల ఫలకాలకు అట్టి ఆదరణ లభించలేదు. ఆ లోపాన్ని ఒక్క గ్రామం మేరకైనా పూరించినది కనుక ఈ చిన్న పుస్తకాన్ని నేను వినోదగ్రంథాల అరలో గాక కాటన్ పట్టిక పక్కనే ఉంచుకుంటాను.

మార్గమధ్యంలో గ్రంథకర్త్రి చదువరిని భట్టిప్రోలులో దింపుతుంది. తెనాలి నుంచి రేపల్లె పోయే రైలుదారిలోనే ఉన్న ఊరు. దిగి చూడనివారే ఎక్కువ. ఇక్కడ నేను కొంచెంసేపు నిలవక తప్పదు. రాయి దొరకని నేల అని మొదటే అన్నాను కదా, ఆ కొరతే భట్టిప్రోలు మహాస్తూపానికి గ్రహచారమైంది. పందొమ్మిదవ శతాబ్దంలో కాలువల కట్టడాలకూ రోడ్లకూ దగ్గరలో రాయి కావలసివచ్చినప్పుడు స్తూపపు పాలరాతి పలకలు, ఇటుకలు తరలిపోయాయి. శిల్పాలన్నీ పోయిన తరువాత 1892లో అలెగ్జాండర్ రీ వచ్చి గర్భంలో తవ్వగా, ఎవరి కంటా పడకుండా మిగిలిన మూడు శిలాపేటికలు బయటపడ్డాయి. మూత తీస్తే లోపల మరొక చిన్న పేటిక, దానిలో స్ఫటికపు భరిణె, బంగారు పూలు, ముత్యాలు, పూసలు, వాటి నడుమ బుద్ధభగవానుని ధాతువులు. పేటికల అంచుల మీదా మూతల మీదా ప్రాకృతభాషలో, బ్రాహ్మీలిపికి తోబుట్టువైన ఒక ప్రత్యేక లిపిలో లేఖనాలు. జర్మను పండితుడు బ్యూలర్ వాటిని చదివి 1894లో ప్రకటించాడు. ఆ లేఖనాలలో కుబేరకుడనే రాజు పేరు ఉన్నది. దానితోపాటు ఆ పేటికలను సమకూర్చిన వారి పేర్లు, వారి గోష్ఠులలో సభ్యులైన సామాన్య పౌరుల పేర్లు వరుసగా ఉన్నాయి. రెండువేల సంవత్సరాలకు పైబడిన నాడు ఈ డెల్టా మనుషులు ఒక పవిత్రవస్తువును పేటికలో ఉంచి, దానిపై తమ పేర్లు రాసుకొని, భూగర్భంలో నిక్షేపించారు. గ్రంథకర్త్రి తన స్టీలు డబ్బాలోని పుస్తకం మొదటి పుటలో భట్టిప్రోలు పేటికల సంగతిని నాలుగు పంక్తులలో రాసి, ఆ కింద వచ్చినవారి పేర్లకు చోటు విడిచింది. ఆమె ఎక్కడా వ్యాఖ్యానం చేయలేదు. ఆ సంయమనాన్ని నేను మెచ్చుకుంటున్నాను.

నిజాంపట్నం ఘట్టం క్లుప్తం. పాత దొరల రాతలలో పెటపోలిగా కనిపించే ఈ రేవులో డచ్చివారు పదిహేడవ శతాబ్దపు ఆరంభంలోనే వర్తకస్థానం నెలకొల్పారు. ఇంగ్లీషు కంపెనీ వారి గ్లోబు ఓడ 1611లో ఈ తీరానికి వచ్చి, ఆ తరువాతనే బందరు చేరింది. బందరులో డచ్చివారి శ్మశానం, కుటుంబచిహ్నాలు చెక్కిన దాని బరువైన పలకలతో సహా, నేటికీ రక్షితస్మారకంగా నిలిచి ఉన్నది. కృష్ణకు ఈవలి ఒడ్డున ఉన్న మనకు పెనుమూడి వంతెన దాటితే అది ఎంతో దూరం కాదు. దానిని అనుబంధయాత్రగా సూచించడం ఉచితంగానే ఉన్నది.

మిషనుల చరిత్రను గ్రంథకర్త్రి అవసరమైనంత మేరకే చెప్పింది. 1842 జూలై 31న హయ్యరు దొర గుంటూరు చేరడంతో అమెరికా లూథరనుల పని ఈ జిల్లాలో ప్రారంభమై తెనాలి, రేపల్లె ప్రాంతాలకు విస్తరించడం, 1836లో శామ్యూల్ డే రాకతో మొదలై నెల్లూరు కేంద్రంగా ఎదిగిన బాప్టిస్టుల పని ఒంగోలు మీదుగా బాపట్ల వైపు సాగడం, 1927లో ఆంధ్ర సువిశేష లూథరన్ సంఘం ఏర్పడడం, ఇవన్నీ రెండు పుటలలో ముగుస్తాయి. ఆమె దృష్టి మిషనరీల కన్నా, వారి పేర్ల పక్కన చిన్న అక్షరాలతో మాత్రమే కనిపించే ఉపదేశుల మీద, బైబిలు స్త్రీల మీద, పల్లెబడి పంతుళ్ళ మీద నిలిచింది. కాలువగట్ల వెంట నడిచి, మాలమాదిగ పల్లెలలో రాత్రిబడి పెట్టి, పలక మీద మొదటి అక్షరం దిద్దించినవారు వారే. ఆమె తాతగారు అట్టి ఉపదేశులలో ఒకరు. ఆయన తరువాత తండ్రి ఎలిమెంటరీ స్కూలు ఉపాధ్యాయుడు, ఇప్పుడు ఈమె గణితం చెప్పే అధ్యాపకురాలు. మూడు తరాలుగా ఆ ఇంట అక్షరాన్ని ఇతరులకు అందించడమే వృత్తి. తాతగారి సమాధి ఆ తోటలోనే ఉన్నదని నాకు తెలుసు. ఆయన పలక మీది అంకెను మాత్రం ఆమె ఏ ప్రశ్నలోనూ వాడలేదు. ఆ ఒక్క రాయిని ఆటకు వెలుపల ఉంచుకోవడం ఆమె హక్కు.

ఇక ఈ గ్రంథంలో నన్ను మిక్కిలి ఆకర్షించిన స్థలం ఏడవ చిక్కుప్రశ్న. ఏటా నవంబరు నెలలో సమాధుల పండుగకు, కొన్ని సంఘాలలో ఈస్టరు వేకువ ఆరాధనకు ముందు, కుటుంబీకులు వచ్చి సమాధులకు వెల్ల వేస్తారు, బంతిపూల దండలు చుడతారు, సంధ్యవేళ కొవ్వొత్తులు వెలిగిస్తారు. ప్రేమతో చేసే ఆ పని వల్లనే ఏటేటా పల్చగా చేరే సున్నం అక్షరాల గాళ్ళలో నిండి, ముప్ఫయి నలభై సంవత్సరాలకు అక్షరం పలకతో సమమైపోతుంది. పాత ఫలకాల మీద అంకెలు తెలుగువి. సున్నం నిండిన ౨కూ ౩కూ భేదం కంటికి ఆనదు. గ్రంథకర్త్రి ఆ సంవత్సరపు చివరి అంకెను రేఖాంశంలో, నిమిషానికి పదోవంతు స్థానంలో ఉంచింది. నిమిషంలో వెయ్యోవంతు దాదాపు ఒక బారెడు. నూరోవంతు పది బారలు. పదోవంతు నూరు బారలు. రెండును మూడుగా చదివిన మనిషి నూరు బారలు తూర్పుగా పోయి మినుముచేలో నిలబడతాడు. తప్పు తెలిసి తిరిగి రావలసిందే, మళ్ళీ ఆ పలక ముందు మోకరించవలసిందే.

అప్పుడు ఏం చేయాలో ఆమె చెప్పిన తీరును శాసనవిద్యార్థులందరూ చదవాలి. గీకరాదు, తడిపి రుద్దరాదు, సుద్ద పూయరాదు. మధ్యాహ్నపు ఎండలో ఏ అక్షరమూ కనిపించదు. పొద్దు వాలేదాకా ఆగి, వెలుగు పలకకు అడ్డంగా పడినప్పుడు పక్క నుంచి చూడాలి. అప్పుడు సున్నం కింద మిగిలిన లోతు సన్నని నీడగా లేస్తుంది. ౩లోని అదనపు మెలిక ఉన్నదీ లేనిదీ ఆ నీడ చెబుతుంది. ఆకాశం మబ్బుపట్టి ఉంటే చిన్న అద్దంతో గాని, టార్చిలైటుతో గాని ఆ వాలువెలుగును కల్పించుకోవచ్చు. తడికాగితం పరచి కుంచెతో తట్టి, సిరా అద్ది అచ్చు తీసే పద్ధతి నిపుణులది, అనుమతి ఉన్నవారిది; ఆటకు వచ్చినవారు దాని జోలికి పోరాదు. దశాబ్దాలుగా నేను తరగతిగదిలో బోధిస్తూ వచ్చిన ఈ సంగతులను, ఒక డబ్బా దొరుకుతుందన్న కుతూహలం తప్ప వేరే అర్హత ఏదీ లేని పన్నెండేళ్ళ పిల్లవాడి చేత ఆచరింపజేసే ఉపాయం ఈమెకు స్ఫురించింది. నాకు స్ఫురించలేదు. విద్య ఎప్పుడూ ఇటువంటి చేతులనే వెదుక్కుంటూ పోతుంది.

మృతుల పట్ల మర్యాద విషయంలో ఆమె పెట్టుకున్న నియమాలు కఠినమైనవి. ఏ సమాధి మీది పేరూ పుస్తకంలో అచ్చు కాలేదు. చదువరికి వరుస, స్థానం మాత్రమే సూచించబడతాయి. ఇటీవలి సమాధులున్న పడమటి భాగానికి ఒక్క ప్రశ్న కూడా దారితీయదు. పేటికను తోటలో దాచలేదు, నేల తవ్వలేదు. తవ్వి పాతిపెట్టడం ఈ క్రీడ నడిపే ప్రపంచవ్యాప్త నియమావళి ప్రకారమూ నిషిద్ధమే. ఆదివారం ఆరాధనవేళ, ఎవరి భూస్థాపన అయినా జరుగుతున్నవేళ, పండుగనాళ్ళలో ఆట ఆగిపోవాలి. వాచ్‌మన్ తాతకు నమస్కరించి, వచ్చిన పని చెప్పి లోపలికి వెళ్ళాలి. ఈ నియమాలను అనుబంధంగా చివర పెట్టక గ్రంథారంభంలోనే ఉంచడం ఆమె వివేకం.

పెద్దవాడిగా రెండు మాటలు చెప్పవలసిన బాధ్యత నాకున్నది. బాపట్ల భాగం ఆశించినంత విస్తరించలేదు. భావనారాయణస్వామి పేరు మీద వెలసిన ఊరు, 1913లో ప్రథమాంధ్ర మహాసభకు వేదికైన ఊరు. పైగా తెనాలి, రేపల్లెలు 16వ అక్షాంశానికి ఉత్తరాన, బాపట్ల దక్షిణాన ఉండడం వల్ల ఈ తరహా క్రీడకు ప్రకృతే ఒక సరిహద్దుగీత గీసి ఇచ్చింది. ఆ గీత దాటే ఘట్టం ఒక్క పేరాలో ముగిసిపోయింది. తొమ్మిదవ ప్రశ్నలో లెక్క బరువు ఎక్కువై, ఫలకం మరుగునపడింది. గణితోపాధ్యాయినికి లెక్క మీద మమకారం సహజమే గాని, చదువరి తల కాగితం మీదికి వంగినంతసేపూ రాయి ఒంటరిదవుతుంది. మలి ముద్రణలో ఈ రెండూ సరిదిద్దుకుంటుందని నా నమ్మకం.

ఈ పుస్తకం చేతబట్టి బయలుదేరదలచినవారు తెనాలిలో ఉదయపు రేపల్లె రైలు ఎక్కడం మంచిది. సంక్రాంతి తరువాత, మాఘమాసంలో పోతే ఎండ చురుకు ఉండదు, వాలువెలుగు ఎక్కువసేపు నిలుస్తుంది, వరి కోసిన మళ్ళలో మినుము పచ్చగా ఉంటుంది. నీళ్ళసీసా, పెన్సిలు, గళ్ళ కాగితం, ఒక చిన్న అద్దం దగ్గర ఉంచుకోండి. పిల్లలను తప్పక వెంట తీసుకువెళ్ళండి. పలక మీది పేరు వారి చేతనే పైకి చదివించండి.

చిరంజీవిని గ్రంథకర్త్రికి మరొక పని అప్పగించి ముగిస్తాను. చందవోలు లింగోద్భవస్వామి ఆలయం ఉన్నది, గణపతిదేవ చక్రవర్తి సముద్రవర్తకులకు అభయమిచ్చి 1244లో వేయించిన శాసనంతో మోటుపల్లి ఉన్నది. రెండూ బాపట్ల నుంచి పోయి రాదగిన దూరాలే. సంబంధిత అధికారుల అనుమతి ముందుగా పొంది, ఇదే నియమనిష్ఠలతో ఆ రెండు తావులకూ చిక్కుప్రశ్నలు కూర్చవలసిందిగా ఆమెను కోరుతున్నాను. చదివి సరిచూసే భారం నేను వహిస్తాను.